రేకు కొట్టిన కిటికీ

"బతుకుతాడన్నా. ఇంక భయం లేదంట, డాక్టరమ్మ చెప్పింది."

నర్సు ప్రేమకుమారి నోటి నుంచి ఈ ఒక్క మాట వినడానికి కమాల్ బాషా పొద్దున ఏడింటి నుంచీ జమ్మలమడుగు ఆసుపత్రి వరండాలో బల్లకు అంటుకుపోయి కూర్చున్నాడు. విన్నాక గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాడు. గోడ గడియారం పన్నెండూ పది చూపిస్తోంది.

లోపల పడుకున్నది నారపరెడ్డి. పులివెందుల దోవలో ఉన్న ఎముకల మిల్లు ఆయనదే. ఇంకో మూడు వారాల్లో జరగబోయే ఎన్నికల్లో నిలబడిందీ ఆయనే. మిల్లు కంపు భరించలేక చుట్టుపక్కల నాలుగు ఊళ్ళవాళ్ళు "ఈ గబ్బు పోతేనే ఓటు" అని మొహం మీదే చెప్పేసరికి, రెడ్డి హైదరాబాదు నుంచి వాసన కట్టే మిషన్ తెప్పించాడు. ఎముకలు ఉడికే డ్రమ్ముల మీది ఆవిరిని పెద్ద ఫ్యాను పీల్చుకుంటుంది. మందు కలిపిన నీళ్ళతో ఒక టవర్ దాన్ని కడుగుతుంది. ఇంకా మిగిలిన కంపేదైనా ఉంటే చివర్న బొగ్గు పెట్టె మింగేస్తుంది. నిన్న పదకొండింటికి ఆ మిషన్‌కు పూజ చేసి, రిబ్బన్ కత్తిరించారు. పన్నెండు కొట్టకముందే ఆ డ్రమ్ముల గదిలో రెడ్డి స్పృహ లేకుండా పడి ఉన్నాడు.

గ్యాస్ పెట్టి చంపబోయారని ఊరంతా ఒకటే గోల. పెట్టిందెవరో సి.ఐ. పెంచలయ్య గంటలో తేల్చిపారేశాడు. మిషన్ నడిపే ఫిట్టర్ యోబు! ఉండేది దళిత క్రైస్తవుల మిషన్ పేటలో, పేట ఓట్లన్నీ అవతలి పార్టీకి. ఇంతకన్నా రుజువేం కావాలి పోలీసుకి?

కమాల్ బాషాది ప్రొద్దుటూరు. కలమల్ల కరెంటు ఫ్యాక్టరీలో బూడిద పట్టే మిషన్ల దగ్గర తొమ్మిదేళ్ళు పనిచేసి, అక్కడి దొంగతనమొకటి తానే పట్టుకుని, ఆ రుచి మరిగి డిటెక్టివ్ అయ్యాడు. మిల్లుకు ఇన్సూరెన్స్ ఇచ్చిన కంపెనీ రాత్రికి రాత్రి ఆయన్ని పురమాయించింది.

"ఆయప్ప ఒంటి మీది సామాన్లు ఒకసారి చూపిస్తావామ్మా?"

ప్రేమకుమారి తువ్వాలు మూట విప్పింది. చేతి గడియారం, చిరిగిన తెల్ల చొక్కా, వెండి మొలతాడు. మొలతాడు పెనం అడుగులాగా నల్లబడింది. కమాల్ బాషా దాన్ని గోటితో గీకి చూశాడు. పైపైనే నలుపు, లోపల వెండి మెరిసింది.

"ఇది ఎప్పుడూ ఇట్లే ఉంటాదా?"

"నిన్న పొద్దున పూజలో తళతళా మెరుస్తాండెనంట, ఆయన భార్య చెప్పింది. దాన్ని చూసి ఆమె ఒకటే ఏడుపు, ఇసం పెట్టినారని."

చొక్కా తిప్పి చూస్తే ముందు తట్టు శుభ్రంగా ఉంది, వీపు తట్టు మాత్రం చిరిగి, ఎముకపిండి గట్టిగా రుద్దుకుపోయి ఉంది.

"దెబ్బలేమన్నా ఉండాయా?"

"వీపంతా గీరుకుపోయిందన్నా. తలకు వెనకాల బొప్పి కట్టింది. కాళ్ళకు మాత్రం గీత కూడా లేదు."

"మేనల్లుడు కేశవ భుజానేసుకుని మోసుకొచ్చినాడన్నారే?"

"అట్లే అన్నారు. భుజానేసుకుంటే వీపెందుకు గీరుకుంటాదో నన్నడిగితే నేనేం చెప్పేదన్నా?" అంది ప్రేమకుమారి మూట కడుతూ.

* * *

ఒంటిగంటకు కమాల్ బాషా పోలీస్ స్టేషన్ మెట్లెక్కేసరికి, యోబు భార్య కమలమ్మ గోడవార అన్నం క్యారియర్‌తో కూర్చుని ఉంది. నిన్న సాయంత్రం తెచ్చిన క్యారియర్ అది. ఇంకా ఎవరూ లోపలికి తీసుకోలేదు.

"నాలుగింటికి పులివెందులకు తీసుకపోతారంట సార్. పోయేటప్పుడు చూసుకోమన్నారు." ఆమె క్యారియర్‌ను దగ్గరికి లాక్కుంది. "పోతే మళ్ళీ వస్తాడా?"

కమాల్ బాషా మెట్ల మీదే ఆగాడు. పులివెందులకు పోయే ముద్దనూరు దోవలో కేశవ జీపులు మూడు తెల్లారకముందే వచ్చి ఆగాయన్న సంగతి ప్రొద్దుటూరు బస్సులో కండక్టరే చెప్పాడు. పోలీసు జీపుకు అవి అడ్డం రావడం, పోలీసులు పక్కకు తప్పుకోవడం, తర్వాత యోబు అనేవాడు లేకపోవడం... ఈ సీమలో ఎన్నిసార్లు చూడలేదు? అది జరిగితే పేట ఊరుకోదు. పేట వెనకాల అవతలి పార్టీ కూడా ఊరుకోదు.

సి.ఐ. పెంచలయ్య కుర్చీలోంచి లేవను కూడా లేదు. "రా బాషా. ఇన్సూరెన్సోళ్ళకు రాసుకో, హత్యాయత్నం అని. టీ తాగి బస్సెక్కు."

"రాసేదానికి ముందు రుజువు కావాలి గదా సార్."

పెంచలయ్య సొరుగులోంచి ఒక రబ్బరు మాస్కు తీసి బల్ల మీద పడేశాడు. మూతికీ ముక్కుకీ తగిలించుకునేది, పక్కన బొగ్గు నింపిన డబ్బా. "అందరూ కొత్త గుడ్డలేసుకుని పూజకొస్తే వాడు దీన్ని తెచ్చుకున్నాడు. టవర్ వెనకాల వాంతి చేసుకుంటా పడి ఉండాడు, ఇది మెడలో వేలాడతాంది. గ్యాస్ వస్తాదని తెలియనోడికి మాస్కు ఎందుకప్పా?"

"మందు కలిపే ఫిట్టర్లంతా తెచ్చుకుంటారు సార్. నేనూ తొమ్మిదేళ్ళు మెడలో వేసుకున్నా. ఏ గ్యాసంటారు?"

"క్లోరిన్. నీళ్ళలో కలిపే బ్లీచింగులో ఆసిడ్ పోసినాడు."

"పోసుంటే రెడ్డి దగ్గి దగ్గి, కండ్లు మండి, తలుపులు ఇరగ్గొట్టుకుని బయటికి ఉరికుండేవాడు. ఈయప్ప చప్పుడు లేకుండా కూలబడిపోయినాడంట. మొలతాడు నల్లబడింది. అది కుళ్ళిన మురికిలో పుట్టే గ్యాస్ సార్. ముందు కుళ్ళిన గుడ్డు కంపు కొడతాది, ఎక్కువైతే ముక్కు చచ్చిపోయి ఏ వాసనా తెలీదు. యోబు మందు డ్రమ్ముల్లో అది లేదు."

"సైన్సు మాస్టరువా, డిటెక్టివ్‌వా?" పెంచలయ్య ముఖం ఎర్రబడింది. "పైనుంచి ఒత్తిడి నాకు. నీకేం తెలుసు!"

"అందుకే చెప్తాండా. మీ జీపులో ఉన్నప్పుడు ముద్దాయికి ఏమన్నా అయితే ఆ ఒత్తిడి పెట్టినాయన మీ తరఫున నిలబడడు. మిల్లు మీ దోవలోనే గదా. అరగంట నాకీండి. తేల్చలేకపోతే టీ తాగి బస్సెక్కుతా. ఇయ్యకపోతే ఇదే మాట కాయితం మీద పెట్టి, కడపలో మీ పెద్దాయనకు ఒకటి, హైదరాబాదుకు ఒకటి పంపుతా."

పెంచలయ్య మీసం దువ్వుకున్నాడు. చివరికి, "మూడింటికే బయల్దేరతా. అరగంటే" అన్నాడు.

లాకప్‌లో యోబు మోకాళ్ళ మీద తల పెట్టుకుని ఉన్నాడు. నలభై ఏళ్ళుంటాయి. రెండు చేతులూ బ్లీచింగుకు తెల్లగా పాలిపోయి ఉన్నాయి.

"టవర్ పక్క గోడ మీద సుద్దముక్కతో ఏందో రాసినావంటనే?"

పని మాట వచ్చేసరికి యోబు తలెత్తాడు. "ఫ్యాను ఎంత గట్టిగా పీలుస్తాందో సూపించే గాజు గొట్టం ఉంటాది సార్, నీలం నీళ్ళది. పదిన్నరకు ట్రయల్ వేసినప్పుడు నాలుగు వేళ్ళు. పదకొండుకూ నాలుగే. పదకొండూ ఇరవైకి సూస్తే పదకొండు వేళ్ళు ఎక్కిండాయి నీళ్ళు! నా గుండె జారిపాయ. గదిలోకి గాలి రాకుంటేనే అట్లయితాది. లోపలికి పోయి చెప్దామంటే కేశవన్న మనుషులు మూసిన తలుపు కాడ అడ్డం నిలబడినారు. రెడ్డీ కేశవన్నా లోపలుండారు, ఎవుర్నీ పంపేది లేదు పో అన్నారు."

"అప్పుడేం చేసినావు?"

"కొంచేపటికి కేశవన్న ఎనక తలుపులోంచి గ్యాస్, గ్యాస్ అని అరుస్తా బయటికొచ్చి పడినాడు. అరుపు వినంగానే మనుషులంతా బాంబులేసినారేమోనని ముందు గేటు కాడికి ఉరికినారు."

"మరి రెడ్డిని లోపల్నుంచి తెచ్చిందెవరు?"

యోబు మళ్ళీ మోకాళ్ళ మీద తల పెట్టుకున్నాడు. ఎన్నిసార్లు అడిగినా ఒకటే మాట. "నాకు తెలీదు సార్. నన్ను అడగొద్దు సార్."

తెలుసని ఆ వంచిన మెడే చెబుతోంది.

* * *

రెండున్నరకు కమాల్ బాషా ఒక్కడే ముందుగా మిల్లుకు చేరాడు. నిన్నటి నుంచీ గదికి తాళం వేసి ఎవరినీ అడుగు పెట్టనివ్వలేదు పెంచలయ్య. మనిషి ఎలాంటివాడైనా ఈ ఒక్క పని మాత్రం బాగా చేశాడు. పాత పనివాడు పాలయ్య సి.ఐ. పంపిన తాళంచెవితో తలుపులు రెండూ తెరిచి, పావుగంట గాలి ఆడనిచ్చాకే కమాల్ బాషాను లోపలికి రానిచ్చాడు.

నేల మీద ఎముకపిండి వేలు మందాన పరుచుకుని ఉంది. మధ్యలో ఉడికే డ్రమ్ములు, వాటి మీద పెద్ద గరాటా, అందులోంచి ఫ్యానుకు పోయే గొట్టం. మూలన నేలలో మురికి తూము, దాని మీద ఇనప జాలి. ఎదుటి గోడకు నిలువెత్తు కిటికీ ఉండాల్సిన చోట ఇనప రేకు. అంచుల చుట్టూ గోనెపట్టా కుక్కి, కొత్త మేకులతో బిర్రుగా దిగ్గొట్టి ఉంది.

"ఇదేంది పాలయ్యా?"

"గాలి జాలి సామీ. బయటి గాలి దుమ్ము లేకుండా లోపలికొచ్చేదానికి మిషన్ కంపెనీవాళ్ళు పెట్టినారు. నిన్న పదకొండూ పదికి కేశవన్న రేకు కొట్టిచ్చినాడు. కిటికీలోంచి నాటుబాంబులేస్తే ఎట్ల? మొన్న రెడ్డి చిన్నాయన్ను అట్లే గదా చంపింది. రెడ్డి కూర్చునే యాడైనా ముందు కిటికీలు మూస్తారు."

"ఈ తూము యాడికి పోతాది?"

"బయట ఎముకలు కడిగిన నీళ్ళ గుంతకు. దాని మీద మూత ఉంటాది, నిన్న పోలీసులు వెతుకుతా తెరిచిపెట్టినారు."

కమాల్ బాషా రేకు వైపు చూశాడు, తూము వైపు చూశాడు, గరాటా వైపు చూశాడు. "యా అల్లా!" అని గోడకు చేరగిలబడ్డాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు ఆయనకు. హంతకుడే లేడు ఈ కేసులో!

అయినా వెంటనే లేచి నేల మీది గుర్తులు చూశాడు. డ్రమ్ముల దగ్గర్నుంచి వెనక తలుపు దాకా పిండిలో ఒకటే వెడల్పాటి జాడ. చంకల కింద చేతులు పెట్టి లాగితే మడమలు రెండు గీతలు గీస్తాయి. ఇక్కడ గీతలు లేవు, వీపు వెడల్పున నేల తుడిచినట్టుంది. గడప రాయి అంచున రెండు నెరిసిన వెంట్రుకలు అంటుకుని ఉన్నాయి. వాటిని ఆయన చాలాసేపు చూశాడు గానీ ముట్టుకోలేదు.

* * *

మూడూ పదికి పెంచలయ్య జీపు వచ్చింది, వెనక సీట్లో బేడీలతో యోబు, పక్కన కానిస్టేబులు. దాని వెనకాలే మూడు జీపుల నిండా మనుషులు. ముందు జీపులోంచి కేశవ దిగాడు. ముప్పై ఏళ్ళవాడు, రాత్రంతా నిద్ర లేని కళ్ళు.

"ఏందప్పా నీ కత? మా మామ ఆడ చావు బతుకుల్లో ఉంటే నువ్వు ఈడ మిషన్లు సూస్తాండావా?"

"మీ మామ బతికినాడు. డాక్టరమ్మ మాటంట, నర్సు నాతోనే చెప్పింది. ఇప్పుడు ఆయప్పను పడగొట్టిందెవరో సూపిస్తా, రా."

కమాల్ బాషా ఊదుబత్తుల కట్ట ముట్టించి, తూము జాలి పక్కన అరటిపండుకు గుచ్చి నిలబెట్టాడు. అందరినీ బయటికి పంపి తలుపులు రెండూ మూయించాడు. ముందు తలుపుకు చిన్న అద్దం ఉంది. ఒకపక్క కేశవ, ఒకపక్క పెంచలయ్య అందులోంచి తొంగి చూశారు.

"పాలయ్యా, ఫ్యాను వెయ్!"

ఫ్యాను గుర్రుమని లేచింది. అంతదాకా నిటారుగా లేస్తున్న ఊదుబత్తి పొగ ఒక్కసారిగా వంగిపోయింది. తూములోంచి ఎవరో నోటితో ఊదుతున్నట్టు, గదిలోకి, డ్రమ్ముల వైపుకి పారింది. టవర్ దగ్గరున్న కానిస్టేబులు గాజు గొట్టం చూసి అరిచాడు: "పదకొండు సార్!"

"ఫ్యానుకు గాలి కావాల. జాలి మూసినారు, తలుపులు మూసినారు. అది ఊరుకుంటాదా? యాడ సందుంటే ఆడ పీల్చింది. ఉన్న సందు తూమొక్కటే. గుంతలో మూత కింద కుళ్ళిన గ్యాసంతా నిన్న ఆ దోవనే వచ్చి మీ మామ ముక్కులో దూరింది. ఈ పొద్దు మూత తీసుంది కాబట్టి ఉత్త గాలి వస్తాంది."

తర్వాత ఫ్యాను ఆపించి, రేకు పీకించి, మళ్ళీ వేయించాడు. పొగ ఇటూ అటూ కాస్త ఊగి నిటారుగా లేచింది. కానిస్టేబులు ఈసారి "నాలుగు సార్" అన్నాడు.

కేశవ అద్దం దగ్గర్నుంచి వెనక్కి జరిగాడు. "ముందు గుడ్డు కుళ్ళిన కంపు కొట్టింది" అన్నాడు మెల్లగా. "తర్వాత ఏ వాసనా లేదు. మిషన్ బాగా పనిచేస్తాందిరా కేశవా, అన్నాడు మామ. అనేసి పడిపాయ."

పెంచలయ్య టోపీ తీసి తల గోక్కున్నాడు. "రేకు కొట్టేటప్పుడు నేనూ ఉన్నానప్పా. మంచిపని చేసినావని మెచ్చుకున్నా గూడా." ఆ తర్వాత, మాట కటువుగానే ఉన్నా, "ఎవరి మీదా కేసు పెట్టేదానికి లేదు, అంతేనా బాషా?" అని అడిగాడు. ఆయన భుజాల మీంచి కూడా బరువు దిగిపోయిందని ఎవరికైనా తెలిసిపోతుంది.

"అంతే సార్. ఎవరి మీదా లేదు."

కమాల్ బాషా హాయిగా నవ్వబోయాడు. అంతలో కేశవ గొంతు వినిపించింది.

"కేసు లేకపోతే పోనీ. ఆ యోబు గాణ్ణి మాత్రం నాకు ఇచ్చిపోండి."

ఆ మాటకు పెంచలయ్య కూడా ఉలిక్కిపడ్డాడు. కమాల్ బాషా మాత్రం ఉలిక్కిపడలేదు. కేశవ భుజం మీద చెయ్యేసి వెనక తలుపు దగ్గరికి తీసుకుపోయి, పిండిలోని జాడ చూపించాడు. గడప మీది వెంట్రుకలు చూపించాడు.

"కాళ్ళు పట్టి ఈడ్చినారు మీ మామను. నువ్వు గాదు. నువ్వు అప్పటికే బయటుండావు. ఈ గడప దాకా తెచ్చింది మాస్కు ఉన్నోడు. నువ్వు భుజానేసుకుంది ఈ గడప కాణ్ణించి ముందు గేటు దాకా."

కేశవ చుట్టూ చూశాడు, దగ్గర్లో ఎవరూ లేరు. "తలకాయ తిరిగిందప్పా. ఊపిరాడలే. మామను ఇడిచిపెట్టి ఉరికినా." గొంతు తగ్గించాడు. "ఈ సంగతి బయట ఉండేవాళ్ళకు తెలిస్తే రేపట్నుంచి నన్ను ఎవుడన్నా మనిషిగా లెక్కేస్తాడా?"

"అందుకే వాడు ఉండకూడదనా?" అన్నాడు కమాల్ బాషా.

కేశవ ముఖం తిప్పుకున్నాడు.

"వాడు నోరు తెరవలేదురా నాయనా! పోలీసులు కొట్టినా తెరవలేదు. పెద్దరెడ్డిని పేటోడు కాళ్ళు పట్టి ఈడ్చినాడని తెలిస్తే నరుకుతారని వాడి భయం వాడిది. నేనూ చెప్పను. వాణ్ణి ఇంటికి పోనీ."

కేశవ ఏమంటాడో తేలకముందే ఆఫీసు గదిలోంచి పాలయ్య పరిగెత్తుకొచ్చాడు. "ఆసుపత్రి నుంచి ఫోను సామీ! రెడ్డి కండ్లు తెరిచినాడంట!"

ఫోన్‌లో ప్రేమకుమారి. చుట్టూ పెంచలయ్య, కేశవ, జీపుల్లో వచ్చిన మనుషులు ఇద్దరు. కమాల్ బాషా రిసీవర్ చెవికి ఆనించుకున్నాడు.

"మాట్లాడతాండాడన్నా! లేచినకాడ్నించీ ఒకటే అడుగుతాండాడు, నా కాళ్ళు పట్టి ఈడ్చినోడు యాడుండాడని."

కమాల్ బాషా రిసీవర్‌ను చెవికి ఇంకా గట్టిగా నొక్కుకున్నాడు. తాను దాస్తానన్నది ఊళ్ళోకి వచ్చేసింది. "కోపంగానా అమ్మా?"

"కోపమా? ఏడుస్తాండాడన్నా. మూతికి మాస్కు కట్టుకున్న మనిషి, మగతలో ముఖం కనపడలేదు, తల గడపకు తగిలితే తప్పయిపోయింది సామీ అంటా ఈడ్చినాడు, వాణ్ణి నా కాడికి తీసుకురాండి అంటాండాడు. ఇంకొకటీ అడుగుతాండాడు."

"ఏంది?"

"మా కేశవ లోపల్నే ఉండిపాయనే, వాడు బయటపడినాడా అని. నేను బాగుండాడని చెప్పినా నమ్మడం లేదు. వాడి గొంతు వినిపించమంటాండాడు."

కమాల్ బాషా రిసీవర్ కేశవ చేతికిచ్చాడు.

"మామా" అన్నాడు కేశవ. అవతల్నుంచి సన్నగా, తడబడుతూ ఏదో గొంతు. కేశవ వింటూ వింటూ బల్ల పట్టుకుని కింద కూర్చున్నాడు. "బాగుండా మామా... నాకేం కాలే... ఊఁ... ఊఁ." ఫోను పెట్టేశాక కూడా అక్కడే కూర్చుని పసిబిడ్డలాగా ఏడ్చాడు. జీపుల మనుషులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

లేచి, కండువాతో ముఖం తుడుచుకుని, కేశవ నేరుగా పోలీసు జీపు దగ్గరికి నడిచాడు. యోబు సీట్లో వెనక్కి ముడుచుకుపోయాడు. కమాల్ బాషా పరుగు లాంటి నడకతో వెంట పడ్డాడు, పెంచలయ్య చెయ్యి తుపాకీ మీదికి పోయింది.

కేశవ జీపు పక్కన ఆగి, తన మనుషుల వైపు తిరిగాడు. ముప్పై మంది ఉన్నారు. వాళ్ళలో ఒక్కరికైనా వినపడకుండా పోకూడదన్నట్టు గొంతెత్తాడు.

"మామను బయటికి తెచ్చింది నేను గాదు. నేను ఇడిచిపెట్టి పారిపోయినా. తెచ్చింది ఈయప్ప."

ఎవరూ కదల్లేదు. పెంచలయ్య జేబులోంచి బేడీల తాళంచెవి తీశాడు.